దోసెల బండి ఖాతాలో నూట పదహార్లు

రిటైరైనవాళ్లు రాసుకునే జ్ఞాపకాలు చదివితే ఒక సంగతి తెలుస్తుంది. ఈ దేశంలో ప్రతి ఆఫీసునూ ఒకే ఒక్క నిజాయితీపరుడు నడిపాడు, ఆ వ్యాసం రాసింది కూడా ఆయనే. మిగతా సిబ్బందంతా టీ తాగుతూ కూర్చున్నారు. నేను ఆ కోవలోకి రాను. నేనూ టీ తాగాను. కలకత్తాలో ఉద్యోగం చేసి టీ తాగలేదని చెబితే పెన్షను ఆపేస్తారేమోనని నా భయం.

ఇక్కడి తెలుగు పిల్లలకు పనికొచ్చే అనుభవం ఒకటి రాసిపెట్టమని కలకత్తా తెలుగు సంఘంవాళ్లు అడిగారు. మీలో చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవాలంటే కళ్లు నులుముకుంటారని నాకు తెలుసు. ఇంట్లో ఎవరో పెద్దవాళ్లు ఇది చదివి వినిపిస్తారు, మధ్యమధ్య వాళ్ల సొంత కథలు కలుపుతారు. కలపనివ్వండి. మీరు ఏదో ఒకరోజు చిన్న వ్యాపారమో, బ్యాంకు ఉద్యోగమో మొదలుపెడతారు. అప్పుడు ఫోనులోకి డబ్బు వచ్చి పడటం ఎంత సులువో మీకు అందరూ చెబుతారు. వచ్చిన డబ్బు ఎందుకొచ్చిందో చెప్పుకోవడం ఎంత కష్టమో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ పని నేను చేస్తాను.

నా చివరి పోస్టింగు వాట్‌గంజ్ దగ్గర ఒక చిన్న బ్రాంచిలో. పక్కన రేవు, వెనక గోదాములు, ముందు లారీలు, లోపల మేము. రిటైర్మెంటు దగ్గరపడ్డ ఆఫీసరుకు ఎవరికీ వద్దనిపించిన పని అప్పగించడం మా సంస్థవారు గౌరవం చూపించే పద్ధతి. అలా నాకు దక్కిన పని, చిన్న వ్యాపారుల చేత ఫోను ద్వారా డబ్బు తీసుకునేలా చేయించడం. చెప్పులు కుట్టేవాడి దగ్గర్నుంచి చేపలమ్మే ఆవిడ దాకా అందరి దగ్గరా గళ్లగళ్ల స్టిక్కరు ఒకటి అంటించాలి. పక్కన, డబ్బు వచ్చినప్పుడల్లా ఎంతొచ్చిందో పైకి చెప్పే చిన్న పెట్టె పెట్టించాలి. జనం స్టిక్కరును స్కానరనీ, పెట్టెను బాక్సనీ అనేవారు. మేము మాత్రం ఆర్థిక సమ్మిళితత్వం అనేవాళ్లం. ఆ మాట నోరు తిరిగి పలకగలిగినవాళ్లకే ప్రమోషన్లు వచ్చేవి.

మా మేనేజరు మంచివాడు. బెంగాలీ. చేపలో ముల్లు తీసినంత నేర్పుగా బాధ్యతలను ఏరి పక్కన పెట్టేవాడు. ఏ ఫైలు తీసుకెళ్లినా ఎండాకాలమైతే ఎండలు తగ్గాక అనేవాడు, వానాకాలమైతే వీధిలో నీళ్లు తీశాక అనేవాడు, ఆ తర్వాత పూజో, అంటే ఇక్కడి దుర్గాపూజ, అయ్యాక అనేవాడు. పూజో అయ్యాక కాళీపూజ ఉండనే ఉంది. నన్ను ఎంతో ఆప్యాయంగా “దిది” అని పిలిచి, “అక్కడున్నది మీవాళ్లే కదా, మీరే చూసుకోండి” అని వాట్‌గంజ్ సందులన్నీ నాకు రాసిచ్చేశాడు. ఖరగ్‌పూర్ దాటి దక్షిణాన పుట్టిన ప్రతి ప్రాణీ ఆయన దృష్టిలో నా బంధువే. కేరళ నర్సు ఒకామె లోను కోసం వచ్చినా నన్నే పిలిచి మాట్లాడించమన్నాడు. మేమిద్దరం హిందీలో మాట్లాడుకుంటుంటే పక్కన కూర్చుని, మాతృభాష ఎంత తీయనిదో కదా అన్నట్టు తల ఊపాడు.

రేవు గేటు దగ్గర దోసెల బండి నడిపే ఒకామె అలా నా వాటాకు వచ్చింది. ఆమె తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి కార్పొరేషన్ పారిశుద్ధ్యం పనికి వచ్చినవాడు. ఆమె ఇక్కడే పుట్టింది. భర్త పోయాక బండి పెట్టుకుంది. నేను కృష్ణా జిల్లాదాన్ని. ఆమె తెలుగు నాకు సగం, నా తెలుగు ఆమెకు సగం అర్థమయ్యేవి, మిగతా సగం ఇద్దరం బెంగాలీలో పూర్తిచేసుకునేవాళ్లం. 

మొదటిరోజు స్టిక్కరు చూపిస్తే ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది.

“ఏటి మేడమ్మా, ఇది? దీన్ని సూసి డబ్బులిచ్చేత్తారా?”

“ఫోనుతో స్కాన్ చేస్తారమ్మా. డబ్బు నేరుగా నీ ఖాతాలో పడుతుంది.”

“మరి నా సేతిలో ఏటి పడతాది?”

“చేతిలో ఏమీ పడదు. పోదు కూడా.”

ఈ మాట నేను చాలా గర్వంగా అన్నాను. ట్రైనింగులో నేర్పిన మాట అది.

ఆమెను ఒప్పించింది నా వాక్చాతుర్యం కాదు, చిల్లర. కలకత్తాలో చిల్లర అడగడమంటే కిడ్నీ అడగడమే. తెల్లారగానే ఐదువందల నోటుతో ఒకడు నిలబడతాడు, “ఖుచ్‌రో నేయీ, దిది”, చిల్లర లేదక్కా అని చేతులు తిప్పుతాడు, పెనం మీద దోసె మాడిపోతుంది. ఈ గొడవ పడలేకే ఆమె స్టిక్కరు పెట్టించుకుంది. బాక్సు ఏ భాషలో మాట్లాడాలి అని కంపెనీ కుర్రవాడు అడిగితే, “నాకు ఇనపడాల గదా, తెలుగులో పెట్టు” అంది. వచ్చేవాళ్లు బెంగాలీలు, బీహారీలు, ఒడియావాళ్లు. బాక్సు మాత్రం వార్తలు చదివే ఆవిడ గొంతుతో “నలభై రూపాయలు అందాయి” అని స్వచ్ఛమైన తెలుగులో ప్రకటించేది. రేవు గేటు దగ్గర అంత శుద్ధమైన తెలుగు అంతకుముందు ఎవరూ విని ఉండరు. సందులోని మనవాళ్లు ఆ గొంతు వినడానికే ఒక దోసె తినేవారు.

ఏడాది తిరిగేసరికి ఆమె మా బ్యాంకుకు గర్వకారణమైపోయింది. ఆమె బండి ఫొటో పెద్ద మీటింగులో తెరమీద వేశారు. తెరమీద ఆమె నవ్వుతూ ఉంది, కింద మా మేనేజరు పేరు ఉంది. ఆమె అంతకుముందు బియ్యం డబ్బాలో దాచుకునే డబ్బంతా, నా ఉపన్యాసాల ధాటికి తట్టుకోలేక, ఖాతాలో వేసుకోవడం మొదలుపెట్టింది. ఆ సంవత్సరం ఆమెకు అంతకన్నా పెద్ద విశేషం ఒకటి జరిగింది. ఖిదిర్‌పూర్ వైపు పూజో మైదానంలో తిండి స్టాళ్లు పెడతారు. ఎన్నాళ్లనుంచి అడిగినా కమిటీవాళ్లు రోల్సువాడికీ, నూడుల్సు వేయించే చౌమిన్‌వాడికీ ఇచ్చేవారు గానీ ఆమెకు ఇచ్చేవారు కారు. ఆ ఏడు ఒక మూల ఇస్తామన్నారు. పూజో రోజుల అమ్మకం ఆమెకు సగం ఏడాది సంపాదన. స్టాలు అద్దె పంచమి సాయంత్రం లోపల కమిటీ ఖాతాకు పంపాలి. పంపకపోతే చౌమిన్‌వాడు రెండో పెనం పెట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. కమిటీ కూడా నగదు తీసుకోదట, పారదర్శకత కోసం.

ఈలోగా ఆమె అన్న కొడుకు పెళ్లి వచ్చింది.

మన పెళ్లిళ్లలో చదివింపులు మీరు చూసే ఉంటారు. భోజనాలయ్యాక బంధువులు నూట పదహార్లో, ఐదువందల పదహార్లో ఇస్తారు, ఒకాయన మైకు పట్టుకుని ఇచ్చినవాళ్ల పేరూ, ఎంత ఇచ్చారో అందరికీ వినిపించేలా చదువుతాడు. ఇచ్చినంతా ఇచ్చి, ఆ చదివేటప్పుడు ఎవరూ వినకపోతే ఇచ్చినవాడికి నిద్రపట్టదు. వాట్‌గంజ్ సందులో ఈ పని ఒక పెద్దాయన చేసేవాడు. కార్పొరేషన్‌లో రిటైరైనవాడు, దోసెల బండి ఆమెకు చిన్నాన్న వరస. అందరూ మైకు బాబాయ్ అనేవారు. సగం వాట్‌గంజ్ సంసారాలు ఆయన గొంతు మీదుగా మొదలైనవే.

ఆ రోజు సమస్య మళ్లీ చిల్లరే. నోటు ఉన్నవాడి దగ్గర పదహారు లేదు, పదహారు ఉన్నవాడి దగ్గర నోటు లేదు. అప్పుడు ఎవరికో మెరుపులాంటి ఆలోచన వచ్చింది. అత్త బండి మీద స్కానరుంది కదా! బండి మీంచి స్టిక్కరూ, బాక్సూ ఊడబెరికి తెచ్చి పెళ్లికొడుకు పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. బాక్సుకు బొట్టు పెట్టారు. మైకు బాబాయ్ పేరు చదవడం, ఇచ్చినవాళ్లు ఫోను చూపించడం, మైకు బాక్సు మూతి దగ్గర పెట్టడం, “నూట పదహారు రూపాయలు అందాయి” అని అది అనడం. జనం చప్పట్లు. ఇంత ముచ్చటైన చదివింపులు ఆ సందులో జరగలేదని తర్వాత అందరూ చెప్పారు. ఇవ్వకుండా జారుకుందామనుకున్నవాళ్లు కూడా ఆ పెట్టె నోట తమ మొత్తం వినాలన్న ముచ్చటతో ఇచ్చారట.

ఈ వేడుకకు ఎవరూ పిలవకుండా హాజరైన అతిథి ఇంకొకటి ఉంది. ఖాతాల మీద కన్నేసి ఉంచే యంత్రం. దానికి తెలిసిందల్లా ఇది. తెల్లారి తెరిచి మధ్యాహ్నానికి మూసే దోసెల బండి, నలభయ్యో ఎనభయ్యో తీసుకునే బండి, ఒక సాయంత్రం వేళ వరసగా నూట పదహారు, నూట పదహారు, ఐదువందల పదహారు, మళ్లీ నూట పదహారు తీసుకుంది. ఇది లాటరీ అయినా అవ్వాలి, జూదమైనా అవ్వాలి. యంత్రం జెండా ఎత్తింది. జెండా చూసి మనుషులు తాళం వేశారు. వచ్చే తలుపు తెరిచే ఉంచి పోయే తలుపు మూశారు. ఖాతాలోకి డబ్బు వస్తుంది, బయటికి పైసా పోదు. మా వ్యవస్థలో ఉన్న కరుణ అంతా ఆ తెరిచి ఉంచిన తలుపే.

స్టాలు అద్దె పంపబోతే ఫోను మొండికేయడంతో ఆమె పరుగున బ్రాంచికి వచ్చింది. 

“ఏటయిపోనాది మేడమ్మా? నా డబ్బులు నాకు అగుపడతన్నాయి, కదలటం నేదు.”

నేను కంప్యూటరు చూసి, నూట పదహార్ల వరస కిందిదాకా చదివాను. తర్వాత నవ్వొచ్చింది. తర్వాత పంచమి ఎప్పుడో గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. స్టాలు అద్దె నేను సర్దుతానన్నాను, పూజో అయ్యాక ఇద్దువుగాని అన్నాను. ఆమెకు కోపం వచ్చింది.

“బ్యాంకులో నా డబ్బులెట్టుకుని మీకాడ అప్పు సేత్తానేటి? నా డబ్బులు నాకిప్పించండి, సాలు.”

మేనేజరు దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు తీసి, సానుభూతితో నిట్టూర్చి, “పూజో తర్వాత చూద్దాం దిది” అన్నాడు. పూజో కోసమే డబ్బు కావాలన్నాను. “అవును, పూజో తర్వాత తప్పకుండా” అన్నాడు.

ఇక ఆ తాళం వేసిన విభాగానికి ఫోన్లు మొదలుపెట్టాను. ఒక నంబరు నొక్కితే ఒక పాట, ఇంకో నంబరు నొక్కితే ఇంకో పాట. మా సంస్థ సంగీతానికి చేసినంత సేవ ఖాతాదారులకు చేసి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు. చివరికి పంచమి నాటి మధ్యాహ్నం, అంటే పూజో ముందు ఆఖరి పనిరోజున, ఒక మనిషి దొరికాడు. నేను ఇంగ్లీషులో పెళ్లి, కానుక, ఆశీర్వాదం అంటూ తంటాలు పడుతుంటే అవతల నుంచి “అయ్యయ్యో” అని వినపడింది.

“మీరు తెలుగువారా బాబూ?” అన్నాను. నా గొంతులో ఎంత ఆశ పొంగిందో చెప్పలేను.

“అవును మేడమ్, హైదరాబాద్. నూట పదహార్లు నాకు తెలుసు మేడమ్. నా పెళ్లికి గూడ వచ్చినయి. పర్సనల్‌గా నాకు ఫుల్‌గా అర్థమైంది.”

“అమ్మయ్య. అయితే తాళం తీసెయ్యి నాయనా.”

“నాకర్థమైతే సరిపోదు కదా మేడమ్, సిస్టంకి అర్థం కావాలె. డబ్బు ఎందుకొచ్చిందో కారణం సెలెక్ట్ చెయ్యాలె. లిస్టులో చదివింపులు అనే ఆప్షన్ లేదు.”

మన జాతి ఇన్ని వేలమంది ఇంజినీర్లను కంప్యూటర్ల మీదికి తోలింది. ఒక్కడికీ ఆ లిస్టులో ఈ ఒక్క మాట చేర్చాలని తోచలేదు. ఈ మాట అతనితోనే అన్నాను. అతను నవ్వి, “రిక్వెస్ట్ రేజ్ చేస్త మేడమ్” అన్నాడు. ఆ రిక్వెస్టు ఇప్పటికీ ఎక్కడో రేజవుతూనే ఉంటుంది.

అప్పటికే నా టేబులు ముందు దోసెల బండి ఆమే, ఆమెకు తోడుగా మైకు బాబాయీ కూర్చుని ఉన్నారు. సాక్ష్యం కావాలంటే చూపిద్దామని ఆమె బాక్సును కూడా సంచిలో పెట్టుకొచ్చింది. పెళ్లినాటి బొట్టు దాని మీద అలాగే ఉంది. ఫోను స్పీకర్లో పెట్టాను. కుర్రవాడు కష్టపడి దారి వెతుకుతున్నాడు, అది ఒప్పుకోవాలి.

“మేడమ్, డబ్బు ఇచ్చినోళ్లకు బదులుగా ఏదన్న ముట్టిందా? వస్తువు గానీ, సర్వీస్ గానీ?”

మైకు బాబాయ్‌కి ఈ ప్రశ్న తనకే అనిపించింది. ముందుకు వంగి, మైకులో అన్నట్టే అన్నాడు.

“ఏటి ముట్టడమేటి బాబూ? అన్నమెట్టినారు. కోడిమాంసం, వంకాయ కూర, పప్పు, బూరెలు. ఎవులూ ఆకలితో ఎల్లనేదు.”

“సూపర్!” అన్నాడు కుర్రవాడు. “అయితే క్యాటరింగ్! ఆమెది తిండి వ్యాపారమే కదా మేడమ్, ఫుల్ మ్యాచ్. ప్లేటు నూట పదహారు.”

“ఐదువందల పదహార్లు ఇచ్చినవాళ్లో?”

“ఫ్యామిలీ ప్యాక్ మేడమ్.”

“వెయ్యి నూట పదహార్లు?”

“పార్సిల్ కూడా తీస్కపోయిన్రు అని రాద్దాం.”

నాకు అతన్ని ముద్దుపెట్టుకోవాలనిపించింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత అందమైన పరిష్కారం నేను చూడలేదు. ఒక్క పేజీ ధ్రువీకరణ, కింద ఒక్క సంతకం. సంతకం చేసిన కాగితం అతనికి పంపితే తను అనుమతి ఇస్తాడు, ఇక్కడ మా మేనేజరు ఒక మీట నొక్కితే తాళం పోతుంది, సాయంత్రానికి స్టాలు ఆమెదవుతుంది. అక్కడికక్కడే టైపు చేసి, ప్రింటు తీసి, పెన్ను మూత కూడా తీసి ఆమె చేతికిచ్చాను.

“దీంట్లో ఏటుంది మేడమ్మా?”

చదివి చెప్పాను. ఫలానా రోజు ఫలానా పెళ్లిలో భోజనం ప్లేటు నూట పదహారు రూపాయల చొప్పున అమ్మాను, ఆ డబ్బే ఇది.

“ఎవులమ్మినారు?”

“నువ్వు.”

“పెళ్లన్నమా?”

ఆమె పెన్ను టేబులు మీద పెట్టేసింది. విసరలేదు, మెల్లగా పెట్టింది. నాకు అప్పుడే భయం వేసింది.

“మేడమ్మా, నాను తెల్లారి లేచి తిండి అమ్ముకునేదాన్నే. దానికి నాకు సిగ్గేటి నేదు. పెళ్లికి పిలిసి, కూకోబెట్టి, ఆకులో అన్నమెట్టి, దానికి రేటు కట్టినానని రాసిస్తానా? రేపు ఆ కోడలు పిల్ల, అత్తా, నా పెళ్లన్నం ఎంతకమ్మినావని అడిగితే ఏటి సెప్పుకుంటాను?”

నాకు ఒళ్లు మండిపోయింది. ఉన్నదున్నట్టు చెబుతున్నాను, ఆ క్షణంలో ఆమె మీద జాలి లేదు, గౌరవం లేదు, మంటే ఉంది. గడియారం నడుస్తోంది. హాలు సగం ఖాళీ అయింది. క్యాషియరు అప్పుడే కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నాడు. 

“ఎవరు చూస్తారమ్మా ఆ కాగితం?” అని అరిచాను. “ఇలాంటివి నా చేత్తో గోనెసంచులకొద్దీ పంపాను. వాటిని చదివే మనిషి ఇంకా పుట్టలేదు.”

“మీరు ఇప్పుడే సదివినారు కదా,” అంది.

స్పీకర్లో కుర్రవాడు కీబోర్డు టకటకలాడించాడు. తర్వాత మెల్లగా ఇంకో దారి చెప్పాడు. ఆ సాయంత్రం వచ్చిన డబ్బు ఎవరిది వాళ్లకు వెనక్కి పంపేస్తే, జెండా ఎత్తడానికి కారణమే ఉండదు, తాళం దానంతటదే తీయొచ్చు. వెనక్కి పంపడం వరకు తను దారి తెరుస్తానన్నాడు.

ఈసారి కుర్చీ జరిపి లేచింది మైకు బాబాయ్.

“ఎనక్కా? నా నోటితో సదివినాను అయ్యి. పేరెట్టి, ఇంటిపేరెట్టి, అందరూ ఇనేలాగ. సదివించింది ఎనక్కి పంపితే ఆల్ల మొకాన కొట్టినట్టు కాదేటి? నా నోరు ఏటయిపోతాది?”

“మరి అమ్మినానని రాయమంటావా సిన్నాన్నా? నువ్వే సెప్పు.”

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచాడు. ఆమె పిలిచినా వెనక్కి తిరగలేదు. ఆ గొంతు ఊరుకోవడం ఆ సందులో ఎవరూ చూసి ఉండరు.

ఆమె కాసేపు గుమ్మం వైపు చూసింది. “పెళ్లికొడుక్కి నానిచ్చుకుంటాను, పూజో డబ్బుల్లోంచి” అని తనలో తనే అనుకుని, ఫోను నా ముందుకు తోసింది. ఏది నొక్కాలో నేను చూపించాను, ఆమె నొక్కింది. ఒక్కొక్కరి పేరు చూసి, ఆ పేరు మెల్లగా పైకి అని, నొక్కింది. టేబులు మీద ఉన్న బాక్సు కిక్కురుమనలేదు. డబ్బు వస్తే ఊరంతా వినిపించేలా అరిచే పెట్టెకు, పోయేటప్పుడు నోరు పెగలదు. మా సంస్థ గుణం దానికి బాగా పట్టింది.

అంతా అయ్యాక మేనేజరు గదిలోకి వెళ్లాను. ఆయన బ్యాగు సర్దుకుని, ఒక కాలు గుమ్మం బయట పెట్టి ఉన్నాడు. నా ముఖం చూశాడు, వెనక నిలబడ్డ ఆమెను చూశాడు, “పూజో తర్వాత” అనబోయి ఆగిపోయాడు. వెనక్కి వచ్చి, కంప్యూటరు మళ్లీ తెరిచి, తాళం తీశాడు. ఆయన మీద నేను వేసిన జోకులన్నిటికీ ఈ ఒక్క వాక్యం పరిహారం అనుకోండి. ఆమె అక్కడే నిలబడి స్టాలు అద్దె పంపింది. కమిటీ నుంచి జవాబు వచ్చేదాకా ఫోను మీంచి చూపు తిప్పలేదు, వచ్చాక నా చెయ్యి ఒకసారి నొక్కి వెళ్లిపోయింది.

ఇక సందులో జరిగింది వేరు. సాయంత్రానికల్లా అందరి ఫోన్లూ టింగుమన్నాయి. కొందరు పూజో ఆఫరనుకుని సంబరపడ్డారు. మిగతావాళ్లు కంగారుపడ్డారు. మేమేం తప్పు చేశామని చదివింపులు తిప్పికొట్టారు, పెళ్లికొడుకు తల్లికి మామీద ఏం కోపం, అని ఇంటింటా సభలు జరిగాయట. తాళం ఎందుకు పడిందో, కాగితం ఏమిటో, ఆమె ఏం రాయనందో ఎవరు చెప్పి నమ్మించగలరు? ఆ పని చేయగలిగిన గొంతు ఒక్కటే ఉంది. అది అలిగి ఇంట్లో కూర్చుంది.

సప్తమి సాయంత్రం నేను మైదానానికి వెళ్లాను. ఢాకులనే పెద్ద డోళ్లు మోగుతున్నాయి, చౌమిన్‌వాడి ముందు జనం మూగి ఉన్నారు. మూలన ఆమె స్టాలు, పూజో రోజులకు దోసె అరవై అని అట్ట మీద రాసి ఉంది. పెళ్లికొడుకు దోసెల పిండి మోస్తున్నాడు, కొత్తకోడలు చట్నీ వడ్డిస్తోంది. ఆమె పెనం మీంచి తల ఎత్తడం లేదు. వ్యాపారం బాగుంది, మనుషులే బాగోలేరు. మనవాళ్లు ఒక్కరు కూడా ఆ చుట్టుపక్కల లేరు.

నేను సగం దోసె తినేసరికి ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, భుజాన అదే తువ్వాలు. వెనకాల సందు సందంతా, పిల్లాజెల్లాతో. ఆయన ఇంటింటికీ తిరిగి ఏం చదివి వచ్చాడో నేను అడగలేదు. తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, ఫోను తీసి స్కానరుకు చూపించాడు. 

“నూట డెబ్బై ఆరు రూపాయలు అందాయి,” అంది బాక్సు.

“సిన్నాన్నా, దోస అరవయ్యే!” అంది ఆమె, అట్లకాడ పట్టుకునే.

“దోస అరవయ్యే. నాకు తెల్దేటి? మిగతాది నీది కాదు, నీకెందుకు?” అని పెళ్లికొడుకు వైపు గడ్డం ఎగరేశాడు. తర్వాత మైకు లేకపోయినా ఉన్నట్టే, వెనకవాడి పేరు, ఇంటిపేరు గట్టిగా పిలిచాడు. 

బాక్సు నూట డెబ్బై ఆరు అంది. మళ్లీ నూట డెబ్బై ఆరు అంది. ఒకసారి ఐదువందల డెబ్బై ఆరు అంది. ఒక్కసారి మాత్రం “అరవై రూపాయలు అందాయి” అంది, వరసలో ఉన్నవాళ్లంతా అది ఎవరా అని తల తిప్పి చూశారు. కొత్తకోడలు చట్నీ గరిటె పట్టుకుని ఏడుస్తూ నవ్వుతోంది. నాకూ కళ్లు మసకబారాయి, పచ్చిమిర్చి ఘాటు అని పక్కావిడతో చెప్పాను.

అప్పుడు మైకు బాబాయ్ నన్ను చూశాడు. 

“ఏటి మేడమ్మా, దీనికీ తాళమేసేత్తారా?”

జీవితమంతా బ్యాంకులో గడిపినదానిగా నేను చెప్పాల్సిన జవాబు నాకు తెలుసు. మెనూలో అరవై, వసూలు నూట డెబ్బై ఆరు, అదీ వరసగా. యంత్రం ఈపాటికి జెండా వెతుక్కుంటూ ఉంటుంది. కానీ నా రిటైర్మెంటుకు ఇంకా నెల కూడా లేదు, చేతిలో దోసె ఉంది. 

“దోసెకు ఎంత ధర పెట్టుకోవాలో దుకాణం వాళ్ల ఇష్టం బాబాయ్,” అన్నాను. “నూట డెబ్బై ఆరుకు అమ్మింది, మీరు కొన్నారు. మధ్యలో బ్యాంకుకేం పని?”

పెనం వెనక నుంచి కేక వచ్చింది. అంత ఢాకుల మోతలోనూ స్పష్టంగా వినపడింది.

“అరవయ్యే! నాను దోస అరవైకే అమ్మినాను మేడమ్మా. ఎవులడిగినా అలగే సెప్పండి.”

ఇన్నాళ్లకు మీరు అడిగారు. అలాగే చెబుతున్నాను. దోసె అరవయ్యే.